ఎండుటాకుల్లో చప్పుడు

"నువ్వు కార్లోనే ఉండమ్మా. ప్లీజ్."

"ఉండను," అంది నాగమల్లేశ్వరి. అప్పటికే కారు దిగి స్వెటర్ గుండీలు పెట్టుకుంటోంది. "ఎలుగుబంట్లు తిరిగే చోటికి నిన్నొక్కణ్ణీ పంపించి నేను కార్లో కూర్చోనా?"

అనీష్ ఏమీ అనలేదు. ఈమధ్య అతను దేనికీ ఏమీ అనడం లేదు. షాంటిలీ ఊళ్ళో, ఇంట్లో ఉన్నంతసేపూ గది తలుపు వేసే ఉంటుంది. అన్నానికి పిలిస్తే "ఊఁ". ఏమైందిరా అంటే "నథింగ్". శనివారం వచ్చిందంటే మాత్రం గాలం కర్ర పట్టుకుని, ఫోన్ కూడా పనిచేయని ఈ కొండవాగుల్లోకి ట్రౌట్ చేపల కోసం ఒంటరిగా వచ్చేస్తాడు. మళ్ళీ గరాజ్ తలుపు చప్పుడు వినపడేదాకా తల్లికి ముద్ద దిగదు. ఈ వారం ఆమె అడక్కుండానే వచ్చి కార్లో కూర్చుంది.

"ఆ బ్యాగ్‌లో ఏంటి?"

"పులిహోర. కొంచెమేరా."

"ఫుడ్ స్మెల్‌కి బేర్ వస్తది. ట్రంక్‌లో పెట్టెయ్."

"ఇంగువ వాసన దానికెందుకు నచ్చుతుంది?"

"అమ్మా."

ఆమె డబ్బా ట్రంక్‌లో పెట్టింది. అతను బూట్లు మార్చుకునేలోపు, పక్కనే పరిచిన గులకరాళ్ళు కొన్ని ఏరి స్వెటర్ జేబుల్లో వేసుకుంది.

"అవేంటి?"

"తులసి కుండీలో వేద్దామని. నున్నగా ఉన్నాయి."

"పార్క్‌లో స్టోన్స్ తీస్కోకూడదమ్మా. రూల్."

"సర్లే, వెళ్ళేటప్పుడు ఇక్కడే పోసేస్తాను. ముందు ఎలుగుబంటి ఎదురైతే ఏం చెయ్యాలో చెప్పు."

అతను నడుముకున్న కారం స్ప్రే డబ్బా చూపించాడు. "ఇది లాస్ట్ ఛాన్స్. బేర్ కనిపిస్తే అస్సలు పరిగెత్తకు. దాన్నే చూస్తూ, మెల్లగా వెనక్కి నడువు."

"కనిపించకముందు?"

"మాట్లాడుతూ ఉండాలి. వాటర్ సౌండ్‌లో మనం వస్తున్నట్టు దానికి తెలీదు. సడన్‌గా దగ్గరికెళ్తేనే డేంజర్. మన వాయిస్ వింటే అదే వెళ్ళిపోతది."

"మరి ఒక్కడివే వచ్చినప్పుడు ఎవరితో మాట్లాడతావు?"

అనీష్ సంచి పట్టీ బిగించుకున్నాడు. "చప్పట్లు కొడతా."

మనిషి జాడలేని అడవిలో తనకు తానే చప్పట్లు కొట్టుకుంటూ నడిచే కొడుకు ఆమె కళ్ళముందు కదిలాడు. ఇంకేమీ అడగకుండా అతని వెనకే నడిచింది.

కాసేపు ట్రౌట్ గురించి చెప్పాడు. చల్లటి నీళ్ళలోనే బతుకుతుందన్నాడు, మనిషి నీడ పడితే రాయికిందకి పోతుందన్నాడు. ఆ తర్వాత మాటలు తగ్గాయి. ఆగిపోయాయి.

కుడిపక్క పొదలో ఎండుటాకులు గలగలమన్నాయి.

అనీష్ నిలబడిపోయాడు. చెయ్యి స్ప్రే డబ్బా మీదికి పోయింది.

"మాట్లాడరా," అంది ఆమె గొంతు తగ్గించి.

"ఏం మాట్లాడాలి?"

"ఏదో ఒకటి. నీ గర్ల్‌ఫ్రెండ్ నమ్రత ఎలా ఉంది?"

అతను నోరు తెరవలేదు. ఈసారి చప్పుడు ఇంకా దగ్గర్లో అయింది.

"నమ్రత వెళ్ళిపోయింది," అన్నాడు అడవికి వినపడేంత గట్టిగా. తర్వాత మామూలు గొంతుతో మళ్ళీ అన్నాడు. "వెళ్ళిపోయిందమ్మా. మేలో."

"అయ్యో. ఎందుకురా?"

అతను ముందుకు నడిచాడు. ఆమె వెనకపడింది. మళ్ళీ ఆకుల చప్పుడు.

"నాతో ఉన్నా ఒక్కదాన్నే ఉన్నట్టుందంట," అన్నాడు గబగబా. "డిన్నర్‌కెళ్తే కూడా నేనేం మాట్లాడనంట. ట్రూనే. నాకు రాదు. లోపల చాలా ఉంటది, బయటికి రాదు. నాన్నకి చెప్పకు."

"చెప్పను."

"ఇక్కడైతే ఎవరూ ఏం అడగరు. ఫిష్ పట్టుకుంటా, చూస్తా, వదిలేస్తా. చూపించడానికి ఎవరూ ఉండరు. ఒక్కోసారి నీళ్ళలో నిలబడితే... ఇంటికి రావాలనిపించదు."

ఈసారి ఏ చప్పుడూ లేదు. వాగు ఒక్కటే మోగుతోంది. ఎలుగుబంటి కంటే, పాము కంటే, జారే బండ కంటే ఎక్కువగా ఆమె భయపడింది ఈ మాటకే. కొడుకు చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వస్తున్నావుగా మరి."

"వస్తున్నా. నేనొచ్చేదాకా నువ్వు తినవు కదా."

ఆమె కాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

వాగు మలుపులో అనీష్ మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి గాలం విసిరాడు. విసురుతూనే ఏదో ఒకటి చెబుతున్నాడు. చివరికి ఒళ్ళంతా చుక్కలున్న చిన్న ట్రౌట్ పడింది. తడిచేతుల్లో పట్టుకుని ఆమెకు చూపించి, మళ్ళీ నీళ్ళలోకి జారవిడిచాడు.

"ఇంత దూరం వచ్చి, చన్నీళ్ళలో ఇంతసేపు నిలబడి, వదిలేశావా?"

అతను నవ్వాడు. ఎన్నాళ్ళకో.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా అతనే మాట్లాడాడు. ఎడమనుంచీ కుడినుంచీ ఏ ఆకూ కదల్లేదు. కారు దగ్గర బూట్లు విప్పుతూ అన్నాడు. "వియర్డ్ అమ్మా. ఇన్నిసార్లొచ్చా, ఏ బేర్ కూడా ఇట్లా ఫాలో అవ్వలేదు."

"మంచి ఎలుగుబంటే. ఏమీ చెయ్యలేదుగా."

"సర్లే. స్టోన్స్ ఇక్కడ పోసెయ్."

నాగమల్లేశ్వరి రెండు జేబులూ బయటికి తిప్పి దులిపింది. కాస్త ఇసుక రాలింది, అంతే.

"ఏమయ్యాయి?"

ఆమె పులిహోర డబ్బా మూత తీసి కొడుకు ముందు పెట్టింది.

"అయిపోయాయి నాన్నా. నువ్వు మాట ఆపినప్పుడల్లా ఒకటి పొదలోకి విసిరాను."