విరగని రాడ్డు

“ఈ రెండిట్లో ఏది విరగదు? అదొక్కటి చెప్పండి చాలు” అన్నాడు వచ్చినతను, అప్పటికి మూడోసారి.

బల్ల మీద రెండు కనెక్టింగ్ రాడ్లు ఉన్నాయి. ఒకటి అల్యూమినియంది, ఒకటి ఉక్కుది. రేసు కార్ల ఇంజన్లు విప్పి బిగించడంలో ఇరవయ్యేళ్లుగా చేతులు నల్లబడిన మెకానిక్ ఆమె. షెడ్డులో అందరికీ అక్కే. “రేసు డ్రైవర్ని, ఈ ఇంజన్ గురించి వచ్చాను” అంటూ పొద్దున్నే దిగిన ఇతను కూడా గంట తిరక్కుండానే అక్కా అనేశాడు.

“విరగని రాడ్డంటూ ఉండదు బాబూ. పైన పిస్టన్నీ కింద తిరిగే ఇరుసుని, అదే క్రాంకునీ, కలిపి పట్టుకునేది ఇదే. నిమిషానికి ఎనిమిది వేలసార్లు అటూ ఇటూ గుంజుకుంటాయి దీన్ని. అల్యూమినియంది తేలిక, ఇంజన్ చురుగ్గా లేస్తుంది. కానీ రాడ్డు తొందరగా అలిసి విరుగుతుంది. కాల్చి సాగగొట్టిన ఉక్కుదైతే ఏళ్ల తరబడి ఉంటుంది. కాకపోతే బరువు.”

“ఉక్కువే వెయ్యండి.”

“కారు యజమాని తేలికవే అడిగాడు. ఈసారి గెలిచి తీరాలట.”

“గెలవకపోతే కొంపలేం మునగవు.”

అక్క నవ్వింది. ఒక డ్రైవర్ నోట ఈ మాట ఆమె ఎన్నడూ వినలేదు.

అతను కూర్చోలేదు. ఎడమకాలు కాస్త ఈడుస్తూ తలుపు దాకా వెళ్లాడు, వెనక్కొచ్చాడు, రాడ్డు చివర బోల్టును గోటితో గీకి చూశాడు.

“బోల్టులు కొత్తవేనా?”

“కొత్తవే. సగం ఇంజన్లు పోయేది రాడ్డు వల్ల కాదు, ఈ బోల్టుల వల్ల. ఒక్కొక్కటీ ఎంత సాగిందో కొలిచి మరీ బిగిస్తాను.”

“పక్కనుండి చూడొచ్చా?”

“మీకింత కంగారేంటి బాబూ?”

“పోయినేడు ఈ ఇంజన్లోనే రాడ్డు తెగింది. ఇంజన్ గోడ చీల్చుకుని బయటపడింది. ఆయిలంతా రోడ్డు పాలు. మలుపులో ఆ ఆయిలు మీద కారు జారి ట్రాక్ గోడకి కొట్టుకుంది. మూడు నెలలు మంచం మీదే ఉన్నాను. నన్ను చూసి మా పాప గది గుమ్మం దాటి లోపలికి రాలేదు.”

అక్క చేతిలోని గుడ్డ కింద పెట్టింది. “మానెయ్యకపోయారా?”

“మా ఆవిడదీ అదే పోరు. ఇంకో పని రాదక్కా నాకు.”

ఆమె యజమానికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

“ఉక్కువా? వద్దక్కా!” యజమాని కసిరినట్టే అన్నాడు. “ఆరువందల హార్స్‌పవర్ పెట్టుకుని బరువు మోస్తూ కూర్చోమంటారా? తేలికవే వెయ్యండి.”

“ఇలా ఇవ్వండి” అని అతను ఫోన్ అందుకున్నాడు. “నేను. గుర్తుపట్టావా?”

అవతలి గొంతులో కసురు పోయింది.

“కాలు ఎలా ఉందన్నా?”

“నడుస్తోంది.”

గొంతు తగ్గించి, “అక్కా, ఆయన చెప్పినవే వెయ్యండి” అని యజమాని ఫోన్ పెట్టేశాడు.

నాలుగు రాడ్లు, ఎనిమిది బోల్టులు. అతను ఒక్కదాన్నీ వదల్లేదు. ఆమె కొలిచిన ప్రతిసారీ మెడ సాచి అంకె చూశాడు. ఐదోదాని దగ్గర, “ఇంకోసారి కొలవండక్కా” అన్నాడు. ఆమె విసుక్కుంటూనే కొలిచింది. సరిగ్గానే ఉంది. అతని వేళ్లు మాత్రం బల్ల అంచును కొడుతూనే ఉన్నాయి.

ఎనిమిదోది బిగిసింది. అతను స్టూలు లాక్కుని మొదటిసారి కూర్చున్నాడు.

“ఇక దిగులు మాని నడుపుకోండి. ఈసారి మీ ఇంజన్ మిమ్మల్ని మోసం చెయ్యదు” అంది అక్క చేతులు తుడుచుకుంటూ.

“ఈ ఇంజన్ నాది కాదక్కా, నా ముందు పరిగెత్తే కారుది.”