ఇంకొక్క పేరా

ఆటో వెనక సీట్లో బాలసరస్వతి టీచరు వారపత్రిక చదువుతూ పకపకా నవ్వుతుంటే, నడుపుతున్న కోటి గాల్లో తేలిపోతున్నాడు. ఆవిడ చదువుతున్నది అతని కథ. అచ్చయిన మొదటి కథ.

"ఏమయ్యా! మా బడి దాటించి మిర్చి యార్డు దాకా తెచ్చావేంటి?"

"ఇంకొక్క పేరానే ఉందండీ. అది కూడా చదివేయండి."

"నీకెలా తెలుసు?"

"రాసింది నేనేనండీ."

ఆవిడ పత్రికలో కథ పక్కనున్న రచయిత ఫొటో చూసింది. అద్దంలో అతని మొహం చూసింది.

"నీ కథ నీకెవరైనా చదివి వినిపించారా?"

"లేదండీ."

"అయితే వెనక్కి తిప్పి నెమ్మదిగా పోనీ. బెల్లుకింకా టైముంది" అంటూ మొదటినుంచి పైకి చదవడం మొదలెట్టింది.

రెండు వాక్యాలు కాకముందే కోటి ఆటోను రోడ్డు పక్కన ఆపేశాడు. ఆ కథ వింటూ నడపడం అతనివల్ల కాలేదు.