గుట్ట మీద కలుగులు

భద్రమ్మ చేటలో కొర్రలు చెరుగుతోంది. గుట్ట దిగివచ్చిన ప్రసూన వాకిట్లో నిలబడగానే చేట విసురు పెరిగింది. పొట్టంతా వెళ్లి ఆమె చెప్పుల మీద పడింది.

"మళ్లా బోన్లు పగలగొట్టినారక్కా. పన్నెండు," అంది ప్రసూన.

"నన్నడుగుతావేమి? ఊరినడుగు పో."

ప్రసూన అడవి ఎలుకల మీద పరిశోధన చేస్తోంది. బీడు చేల మధ్య దీవిలా నిలిచిన ఆ రాళ్లగుట్ట మీద అవి ఎలా బతుకుతున్నాయో చూడడం ఆమె పని. తెల్లవారకముందే గుట్టెక్కి, బోనులో పడ్డవాటిని తూచి, చెవికి గుర్తు వేసి వదిలేస్తుంది. పొద్దు గుంకేదాకా అక్కడే కాపు. రెండేళ్ల పని. ఆరు నెలలకే ఊరు ఎదురు తిరిగింది. అందరికంటే ముందు నోరు చేసుకున్నది, పంచాయతీవాళ్లు చెప్పగా ఆమెకు ముందుగది ఇచ్చిన భద్రమ్మే.

"పట్టిన ఎలకను ఇడిసిపెట్టేది యాడన్నా ఉండాదా? బసప్ప చేన్లో చెనిక్కాయంతా మోసకపోతాండాయి!"

"బోరుండేది ఆయప్పకే. ఆయప్ప ఒక్కమాట అనలేదు. మీ చేను బీడే కదక్కా, మీకేమి పోయింది?"

చేట ఆగింది. "బీడైతే నోరుండకూడదా? పొద్దుమానం ఆ గుట్ట మింద నీకేమి పని? మీ ఊరు కదిరికి నువ్వు పో."

అరుగు మీద కూర్చున్న భద్రమ్మ మొగుడు రంగన్న ఆమె వైపు చూసి నవ్వాడు. "ఆయమ్మకు ఎలకలే సుట్టాలు లేవే."

ప్రసూన సంచిలోంచి ఒక కాగితం తీసింది.

"మీరే గెలిచినారు. అడ్డు చెప్పనని సంతకం పెట్టినాను. రేపు పొద్దున్నే వ్యవసాయ ఆఫీసువాళ్లు వచ్చి కలుగు కలుక్కీ విషం పెడతారు."

రంగన్న నవ్వు ఆగిపోయింది. "అన్నిట్లోనా?"

"ఒక్కటీ వదలరన్నా. సాయంత్రం బస్సుకే నేను పోతాండా. ఇప్పుడు సంతోషమేనా అక్కా?"

భద్రమ్మ చేట కింద పెట్టి లేచింది. మూలనున్న గడ్డపార అందుకుంది. ఖాళీ గోనెసంచి భుజాన వేసుకుంది.

"యాడికక్కా, ఈ ఎండలో?"

భద్రమ్మ గడప దాటి గుట్ట దారి పట్టింది.

మూడేళ్ల కరువులో ఆ ఇంటిని సాకింది, ఎలుకలు బసప్ప చేన్లోంచి మోసుకొచ్చి కలుగుల్లో దాచుకున్న వేరుశనగ కాయలే.