సరిపోయిన లెక్క

“నజీర్‌వి ఎన్నిరా?” అని అడిగారు యలమంద సార్, విజిల్‌ని జేబులో వేసుకుంటూ.

త్రినాథ్ ఎడమ జేబులోని చింతపిక్కలు తీసి సార్ అరచేతిలో పోశాడు. పొదిలి డిగ్రీ కాలేజీలో పన్నెండు నిమిషాల పరుగుకి అదే పద్ధతి. ఇద్దరిద్దరు జోడీ. ఒకడు గ్రౌండు చుట్టూ పరిగెత్తుతాడు. రెండోవాడు గీత దగ్గర నిలబడి, తన జోడీ దాటినప్పుడల్లా ఒక పిక్కని కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారుస్తాడు. నోటి లెక్కని సార్ నమ్మరు.

“ఇంతేనా?”

“అంతే సార్.”

కుడి జేబులో ఒక పిక్క అతని వేళ్ల మధ్యే ఉంది. నజీర్ గీత దాటుతున్నప్పుడు దాన్ని పట్టుకున్నాడు. మార్చలేదు. ముందుగా అనుకుని చేసింది కాదు, చెయ్యి ఆగిపోయింది. కాని ఆగిన చేతిని కదిలించడానికి ఆ తర్వాత బోలెడంత సమయం దొరికింది. కదిలించలేదు.

నేల మీద కూర్చుని రొప్పుతున్న నజీర్, సార్ చేతిలోని పిక్కల వంక ఒకసారి చూశాడు. తర్వాత తలొంచుకుని బూట్ల లేసులు విప్పుకోసాగాడు.

పరిగెత్తిన దూరాన్ని బట్టి, ఒంటికి ఎంత ప్రాణవాయువు వాడుకునే శక్తి ఉందో సార్ అంచనా కట్టారు. “త్రినాథ్ నలభై ఎనిమిది. నజీర్ నలభై ఆరు. క్రాస్ కంట్రీ జట్టులో ఉన్నది ఒక్క ఖాళీ. త్రినాథ్, నువ్వే.” గడ్డం గోక్కున్నారు. “అయినా నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదురా. నజీర్ ఇంతకంటే గట్టోడు. ఆదివారం మీ ఇద్దర్నీ గుంటూరు తీసుకుపోతా. అక్కడ ల్యాబులో మాస్కు పెట్టి మెషీన్ మీద పరిగెత్తిస్తారు. అది నేరుగా ఊపిరినే కొలుస్తుంది. తేడా వచ్చిందంటే మాత్రం లెక్కపెట్టినోణ్ణి కాలేజీ అందరి ముందూ నిలబెడతా.”

త్రినాథ్ నవ్వాడు. ఎందుకు నవ్వాడో అతనికే తెలియదు.

ఆ వారమంతా నజీర్ ఎప్పటిలాగే ప్రాక్టీసుకి వచ్చాడు. “ఏరా జట్టోడా, టీ అయినా ఇప్పిస్తావా లేదా?” అని భుజం మీద చరిచాడు. ఇద్దరూ బడ్డీ దగ్గర నిలబడ్డారు. చెప్పేద్దామని త్రినాథ్ నోరు తెరిచాడు. “చక్కెర ఎక్కువైంది,” అన్నాడు.

పిక్క ఇంకా జేబులోనే ఉంది. పారేస్తే తప్పు ఒప్పుకున్నట్టు, ఉంచుకుంటే మళ్లీ చేస్తున్నట్టు అనిపించేది. అద్దంలో తల దువ్వుకునేటప్పుడు పాపిడి మాత్రమే చూసుకోవడం నేర్చుకున్నాడు.

గుంటూరు ల్యాబులో ముందు త్రినాథ్ ఎక్కాడు. నలభై ఎనిమిది దగ్గరే వచ్చింది. తర్వాత నజీర్ ముఖానికి మాస్కు బిగించింది రెబ్కా, ఆ మెషీన్ చూసుకునే అమ్మాయి. “ఇంక నా వల్ల కాదు అనిపించినప్పుడు చెయ్యెత్తు తమ్ముడూ. అప్పటిదాకా ఆగొద్దు.”

నజీర్ ఎదుటి తెర మీద అంకె పెరుగుతూ ఉంది. త్రినాథ్ గోడకున్న క్యాలెండర్ వైపు తిరిగాడు. నలభై దాటినట్టు రెబ్కా గొంతు వినబడింది. ఇంక కాసేపట్లో అంతా బయటపడుతుంది. బయటపడితే బాగుండుననీ ఒక క్షణం అనిపించింది. మరుక్షణం వద్దనిపించింది.

నజీర్ చెయ్యెత్తాడు.

“నలభై ఆరు సార్,” అంది రెబ్కా. “అదేంటి తమ్ముడూ, అంతగా రొప్పట్లేదు. అప్పుడే దిగిపోయావేం?”

“పిక్కలు పట్టేశాయి మేడం,” అన్నాడు నజీర్ కాళ్లు నిమురుకుంటూ.

సార్‌కి ఆ మాటలేవీ చెవికెక్కలేదు. “చూశారా! మన మట్టి గ్రౌండు లెక్క మెషీన్‌తో ఎట్లా సరిపోయిందో!” అని త్రినాథ్ చెయ్యి పట్టుకున్నారు. “అనవసరంగా నిన్ను అనుమానించానురా. ఏమనుకోకు.”

ఆ చేతిలోంచి తన చెయ్యి లాక్కోవాలనిపించింది త్రినాథ్‌కి.

తిరుగు బస్సులో సార్ ముందు సీట్లో కునుకు తీస్తున్నారు. మెషీన్‌కి తనెవరో తెలియదు, నజీర్ ఎవరో తెలియదు. అది అబద్ధమెందుకు చెబుతుంది? బహుశా ఆ రోజు తనే పొరబడ్డాడేమో. చెయ్యి ఆగిందని అనుకున్నాడే గాని, ఆ రౌండు అసలు లేనే లేదేమో. నరసరావుపేట దాటేసరికి దాదాపు నమ్మేశాడు. ఇంత తేలిగ్గా నమ్మగలుగుతున్నందుకు మాత్రం లోపల ఎక్కడో సిగ్గు మిగిలే ఉంది.

రోడ్డు పక్క కల్లాల్లో మిర్చి ఎండుతోంది. ఘాటుకి నజీర్ దగ్గి, కిటికీ అద్దం మూశాడు.

“నజీరూ, ఆ రోజు నీ రౌండొకటి నేనేమన్నా వదిలేశానేమో అని భయపడి చచ్చాన్రా,” అన్నాడు త్రినాథ్. “మెషీన్ కూడా అంతే చూపించింది కాబట్టి సరిపోయింది.”

నజీర్ ముందు సీటు వైపు చూసి, సార్ నిద్రలోనే ఉన్నారని నిర్ధారించుకుని, గొంతు తగ్గించాడు.

“నీ లెక్కకొచ్చిన అంకె తెర మీదికి రాగానే చెయ్యెత్తేశాన్రా.”