మిషనుకు పడదు

"తీసుకుందామా, వద్దా? ఏందీ, ఇంతగా ఆలోచిస్తాండావు?" అని గదమాయించాడు వీరాచారి.

బడిపిల్లల స్వెట్టర్లు అల్లే మిషను ముందు ఆయన భార్య ఈశ్వరమ్మ దగ్గుతూ నిలబడింది. దీనికోసమే ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వచ్చారు. ఆమె ఇంటిపట్టునే ఉండి నాలుగు డబ్బులు తెస్తుందని ఆయన ఆశ.

"నాకు చేతకాదేమో," అందామె.

"నేర్చుకుంటే అదే వస్తాది."

"నువ్వేం పని చేస్తావప్పా?" అని అడిగాడు అంగడాయన.

"విగ్రహాలు చెక్కుతా. ఇంటి వసారాలోనే."

"అయితే వద్దులే. రాతి దుమ్ము పడితే సూదులు ఇరుక్కుపోతాయి."

"అంతే గదా! రేపే నా పని రోడ్డుపక్క షెడ్డుకు మారుస్తా."

ఈశ్వరమ్మ చప్పున తలెత్తింది. "తీసుకుందాం," అంది.

ఆయన ఆటో కోసం బయటికి పోగానే ఆమె అంగడాయన దగ్గరికి జరిగింది.

"అన్నా, నాకు దుమ్ము పడదని డాక్టరు చెప్తే, మా ఆయన 'మా అమ్మ బతకలేదా ఆ దుమ్ములో?' అన్నాడు. మిషనుకు పడదనంగానే కదిలినాడు. దీనికి బీడీ పొగ గూడా పడదని నువ్వే చెప్పన్నా."