బందెలదొడ్డిలో ఆనవాలు

నమ్మకపోతే మానండి. అరవై రెండో సంవత్సరం వానలకు ఇళ్లు కూలినవాళ్లను మా పంచాయితీ బందెలదొడ్డిలో పెట్టింది. పరాయి చేలో మేసిన పశువులను పట్టి కట్టేసే కొట్టం అది. మాకు గడ్డి వేయలేదు, అదే పదివేలు. దొడ్డికి కావలివాణ్ణి నేను. నా గుడిసె కూడా కూలింది గనుక నేనూ లోపలే పడుకున్నాను.

మొదటి రాత్రి తలుపుకు లోపల తాళం వేస్తుంటే గుర్వమ్మవ్వ అడ్డం తగిలింది.

"మేమేమన్న పసులమా, మైసయ్యా?"

"దొడ్డి కానూను అవ్వా," అని ఏడిపించాను. "నీ ఆసామి వచ్చి ఆనవాలు చెప్తే ఇడుస్త."

అందరూ నవ్వారు. దీపం ఆర్పాను.

నడిరాత్రి వాన ఆగింది. కప్పలు కూడా ఒక్కసారే నోరు మూశాయి. తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు.

"నాదొకటి లోపలుంది. తోల్కపోనీకొచ్చిన."

"పసులు లేవు, పో!" అన్నాను.

"పసురం గాదు, మనిషే. ఎడమకాలికి ఆరు వేళ్లుంటయి."

ఆరువేళ్ల నా ఎడమకాలిని గొంగడిలోకి గుంజుకున్నాను. కొట్టంలో ఒక్క గురకా లేదు. అందరూ మేలుకునే ఉన్నారు.

చివరికి గుర్వమ్మవ్వ గొంతు మెల్లగా వినిపించింది.

"ఆనవాలు చెప్పిండు గద, కొడుకా. తాళం తియ్యి."