దిష్టిబొమ్మ జీన్సు

“అక్కా! నా జీన్సు దిష్టిబొమ్మకు తొడిగినావా?”

నెత్తిన టోపీ, కింద లుంగీతో వరిచేలోకి పరుగెత్తిన పెంచల్, దిష్టిబొమ్మ నడుము పట్టుకుని ప్యాంటు గుండీ ఊడదీశాడు. చెన్నైలో బట్టల షోరూములో పనిచేసే అతను, సెలవుకని నిన్ననే సొంతూరు దొరవారిసత్రంలో దిగాడు.

“మోకాళ్లు రెండూ చినిగిపోయుండాయి గదా అబ్బయ్యా,” అంది గట్టు మీద గడ్డి కోస్తున్న అక్క సుప్రియ.

“చినగలేదక్కా, చించినారు. అది ఫ్యాషను. మనిషికి ఒక కళ వస్తుంది.”

సుప్రియ దిష్టిబొమ్మనూ తమ్ముణ్ణీ మార్చి మార్చి చూసింది. “ఎవురికి?”

అంతలో రోడ్డు మీద మోపెడ్ ఆగింది. చూపు కాస్త మందగించిన పక్కచేను హజరత్తయ్య, అక్కడి నుంచే కేకేశాడు.

“సుప్రియమ్మా! నిన్న ఆ చినుగుల ప్యాంటుతో బస్సు దిగితే, నీ తమ్ముడు చెడిపోయినాడనుకున్నా. పొద్దుట్నుంచి చూస్తా ఉండా, ఎండలో కదలకుండా చేను కాస్తా ఉండాడే! బుద్ధిమంతుడమ్మా!”

పెంచల్ చెయ్యి ప్యాంటు మీదే ఆగిపోయింది.

“మరి ఆ పక్కన లుంగీ కట్టినోడెవురు? పనీపాటా లేకుండా ఊరికే నిలబడుండాడు?”

సుప్రియ నవ్వు దిగమింగింది. “కొత్తోడులే పెదనాయనా. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటా ఉండాడు.”

మోపెడ్ వెళ్లిపోయింది. పెంచల్ ఊడదీసిన గుండీని మళ్లీ పెట్టేశాడు. తన టోపీ తీసి దిష్టిబొమ్మ కుండతలకు తొడిగాడు.

ఊళ్లో తన పేరు నిలబెడుతున్నవాడికి ఎండదెబ్బ తగలకూడదు కదా!